తుఫానులో బయల్దేరే పిల్ల

ఆ ఫిబ్రవరిలో మూడు రోజులపాటు ఐన్ మ్రైసె రేవులో పడవలు కదల్లేదు. నాలుగో రోజు పొద్దునకి బేరూత్ మీద ఆకాశం కడిగినట్టు తేటపడింది. ఎండ చుర్రుమంటోంది. అలలు మాత్రం ఇంకా రేవు గోడని గుద్దుతూనే ఉన్నాయి. తూర్పున కొండలు నడుము దాకా తెల్లబడి ఉన్నాయి. వాటి తలలు కనిపించడం లేదు. అక్కడ నల్లటి మబ్బు దిగి కూర్చుంది.

అబూ హనాదీ చొక్కా చేతులు మోచేతుల పైకి మడిచి, కాఫీ కొట్టు ముందు కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. అసలు పేరు మునీర్ ఇతానీ. అబూ అంటే ఫలానావాళ్ల నాన్న అని. కొడుకు పేరు పెట్టి పిలవడానికి కొడుకు లేడు కనక రేవులో కుర్రకారు మొదట్లో ఎగతాళిగా కూతురి పేరు తగిలించారు. ఆయన ఏమాత్రం ఉడుక్కోకుండా పలికేసరికి ఎగతాళి పోయి పేరు మిగిలిపోయింది.

కొట్టులో టీవీ వాగుతోంది. ఆయన వినడం లేదు. "ఐన్ జోజ్" అన్న మాట చెవిన పడేసరికి చేతిలో సూది ఆగింది.

ఐన్ జోజ్ పైన, కనుమకి వెళ్లే దారిలో, మంచు తోసే బండి ఒకటి తెల్లవారాక రోడ్డు మీంచి జారి పక్కకి ఒరిగిందట. నడుపుతున్న మనిషి జాడ తెలియలేదట. పేరు చెప్పలేదు. ఆ వెంటనే వాతావరణం, ఆ తర్వాత ఫుట్‌బాల్.

హనాదీ ఆ దారిలోనే బండి నడుపుతుంది.

ఆయన ఫోన్ చేశాడు. అందుబాటులో లేదని ఆడగొంతు చెప్పింది. మళ్లీ చేశాడు, మళ్లీ అదే గొంతు. లేచి రేవు చివరిదాకా నడిచాడు. పడవ తాడు గట్టిగానే ఉంది, అయినా విప్పి మళ్లీ కట్టాడు. వెనక్కి వచ్చి కూర్చున్నాడు. వల చేతిలోకి తీసుకుంటే కన్ను ఏదో, ముడి ఏదో తెలియలేదు. ఇంకోసారి చేశాడు. నవంబరు నుంచి ఆయన ఆ నంబరుకి చేసిన మొదటి ఫోన్లు అవే.

నవంబరులో ఆ పిల్ల ఇంటికొచ్చినప్పుడు భోజనాల దగ్గర మాటా మాటా పెరిగింది. ఏడేళ్ల వయసు నుంచి ఆయన పడవలో చుక్కాని పట్టింది. పడవ తనదే అవుతుందని ఆయన అనుకున్నాడు, అలాగని ఎప్పుడూ పైకి చెప్పలేదు. ఆ పిల్ల యంత్రాల చదువు చదివి, కొండల్లో రోడ్లపని కాంట్రాక్టరు దగ్గర మంచు తోసే బండి ఎక్కింది. ఆ రోజు ఆయన "సముద్రం నీకేం అన్యాయం చేసింది?" అని అడిగాడు. అది నిమ్మళంగానే చెప్పింది. "ఏం చెయ్యలేదు బాబా. తుఫాను వస్తే నువ్వు పడవ కట్టేస్తావు. తుఫాను వస్తే నేను బయల్దేరతాను. నాకు అదే బాగుంది."

అందులో తప్పు మాటేం లేదు. కానీ ముప్ఫై ఏళ్లుగా ఆయన తన తెలివి అనుకున్నదాన్ని ఆ మాట పిరికితనం అన్నట్టు వినిపించింది. "అయితే ఆ డీజిల్ కంపు నా గుమ్మం లోపలికి తేకు" అన్నాడు. పిల్ల ప్లేటు కడిగి, తల్లిని ముద్దుపెట్టుకుని వెళ్లిపోయింది.

ఇంటికి ఫోన్ చేస్తే భార్య నజ్లా ఎత్తింది. వెనక ఏదో పోపు చప్పుడు.

"టీవీ చూశావా?" అన్నాడు.

"కరెంటేదీ? ఏం, ఏమైంది?"

"ఏం లేదు. మధ్యాహ్నం రాను. గరబెద్‌తో పనుంది."

"అబూ హనాదీ, నీ గొంతేంటి అలా ఉంది?"

"గాలి" అని పెట్టేశాడు.

గరబెద్ పడవల ఇంజన్లు బాగుచేస్తాడు, మిగతా వేళ టాక్సీ తోలతాడు. బుర్జ్ హమ్మూద్ పేటలో ఉండే ఆర్మీనియన్. యాభై ఏళ్లుగా ఈ ఊళ్లోనే ఉన్నా అతని అరబ్బీలో ఆడా మగా తేడా ఉండదు. అబూ హనాదీని రయ్యిస్, అంటే పడవ పెద్ద, అనే పిలుస్తాడు. విషయం విని మారు మాట్లాడకుండా తాళంచెవి తీశాడు.

"ఎక్కు రయ్యిస్. నీ కూతురు బాగానే ఉంటాడు. వాడు గట్టిది."

మరోరోజైతే ఆయన నవ్వేవాడు.

ఊళ్లో దారి కదల్లేదు. సముద్రపు ఒడ్డున జనం ఐస్‌క్రీములు తింటూ నడుస్తున్నారు. ఒకడు ఏకంగా నిక్కరు మీద పరిగెడుతున్నాడు. అబూ హనాదీ కిటికీ అద్దం దించాడు, ఎత్తాడు, మళ్లీ దించాడు. "ఆ పిడి ఊడితే కొత్తది దొరకదు" అని గరబెద్ అన్నాక చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. అంతెలియాస్ దాటి కొండ ఎక్కడం మొదలయ్యాక ఎదురుగా దిగే కార్లు కనిపించాయి. బానెట్ల మీద మంచు కుప్పలు పోసి, వాటికి కళ్లూ ముక్కూ పెట్టి, కరిగిపోయేలోగా ఊళ్లో పిల్లలకి చూపించాలని హారన్లు కొట్టుకుంటూ పోతున్నారు. వాళ్ల సంబరం చూస్తుంటే ఆయనకి ఒళ్లు మండింది.

"వీళ్లకి ఆట" అన్నాడు.

"వీళ్లు కింద అంచు దాకానే పోతారు రయ్యిస్. పైకి పోరు."

దేవదారు వాసన వచ్చింది. తర్వాత వాన, ఆ తర్వాత వానలో తెల్లటి పలుకులు. ఇంకో పది మలుపులు తిరిగేసరికి లోకమంతా తెల్లబడింది. గంట క్రితం మెడమీద ఎండ కాచిన మనిషికి ఇప్పుడు పళ్లు కొట్టుకుంటున్నాయి. ఒక మలుపులో పోలీసులు దారికి అడ్డంగా నిలబడ్డారు.

"చక్రాలకి గొలుసుల్లేని బండి ఇక్కడితో ఆగాలి" అన్నాడు వాళ్లలో చిన్నవాడు.

గరబెద్ దగ్గర గొలుసుల్లేవు. బతిమాలాడు, తిట్టాడు, తన గుండెజబ్బు సంగతి చెప్పాడు. అబూ హనాదీ మాత్రం కారు దిగి నడవడం మొదలుపెట్టాడు. కాళ్లకి చేపల రబ్బరు బూట్లే ఉన్నాయి.

"పెద్దాయనా! ఎక్కడికి?" అని పోలీసు అరిచాడు.

"నా కూతురి దగ్గరికి."

"ఆ ఊరు ఇంకా ఆరు కిలోమీటర్లు!"

"సరే" అన్నాడే గానీ ఆగలేదు.

రెండొందల అడుగులు వేశాడో లేదో వెనక నుంచి పాత జీపొకటి గొలుసులు గలగలలాడించుకుంటూ వచ్చి పక్కన ఆగింది. తోలుతున్నది యాభై ఏళ్ల మనిషి. తలకి శాలువా, మోచేతుల దాకా పిండి. వెనకంతా పిండి బస్తాలు.

"ఎక్కు ఎక్కు. చావాలనుకుంటే వేసవిలో రా, అప్పుడైతే పాతిపెట్టడం తేలిక" అంది. ఆమె పేరు తెరేజ్, ఐన్ జోజ్‌లో రొట్టెల కొట్టు. కింద పిండి కోసం వెళ్లి మూడు గంటలు ఇరుక్కుపోయిందట. ఆయన ఎవరి కోసం వచ్చాడో చెప్పగానే తలతిప్పి చూసింది.

"బేరూత్ పిల్ల తండ్రివా నువ్వు? చేపలాయనవా?"

"ఆ బండి... పడిపోయిన బండి ఎవరిది?"

"నాకు తెలీదన్నా. తెల్లారగట్ల రెండు బండ్లు పైకి వెళ్లాయి. ఒకటి నీ కూతురిది, ఒకటి అబూ తనియోస్‌ది. నేను అప్పుడే కిందకి దిగాను. ఫోన్ల స్తంభం రాత్రే పడిపోయింది. ఇద్దరిలో ఎవరో దేవుడికే తెలియాలి."

ఇద్దరిలో ఒకరు. ఇంకొకరు అయి ఉండాలని మనసులో కోరుకున్నాడు. కోరుకున్న మరుక్షణమే ఆ అబూ తనియోస్ ఎవరో, అతనికి ఎంతమంది పిల్లలో అన్న ఆలోచన వచ్చి సిగ్గేసింది. సిగ్గేసినా కోరిక పోలేదు.

తెరేజ్ మాట్లాడుతూనే ఉంది. "మా వీధిలోనే ఉంటుంది నీ పిల్ల. నా పొయ్యి చెడిపోతే డబ్బు తీసుకోకుండా బాగుచేసింది. నీ గురించి చెప్తుంది. గాలి వాసన చూసి మా నాన్న తుఫాను చెప్పేస్తాడు అంటుంది. నిజమేనా?"

ఆయన అద్దంలోంచి పైన మబ్బు వైపు చూశాడు.

ఊరి చివర బండ్ల షెడ్డు ముందు పదిమంది గుమిగూడి ఉన్నారు. పసుపుపచ్చ మంచుబండి ఒకటి అక్కడ నిలబడి ఉంది. దాని చక్రం మీద కాలు పెట్టి, మొహం నిండా గ్రీజుతో, ఎవరినో గట్టిగా కేకలేస్తోంది హనాదీ.

జీపు ఆగకముందే ఆయన దూకి, జారి, మోకాలి మీద పడి లేచాడు. ఎదురుగా నిలబడ్డాడు. దారి పొడుగునా ఎన్ని మాటలు పేర్చుకున్నాడో, వాటిలో ఒక్కటీ రాలేదు.

"ఫోన్ ఎత్తవేం?" అని గద్దించాడు.

హనాదీ చక్రం మీంచి కాలు దించింది. ఆయన బూట్లు చూసింది. "బాబా? నువ్వు ఇక్కడ... ఎలా వచ్చావు?"

"ఫోన్ ఎత్తవేం అంటున్నా!"

"స్తంభం పడిపోయింది బాబా." మొహం మీది గ్రీజు మోచేత్తో తుడుచుకుంది. "పడిపోయింది అబూ తనియోస్ బండి. నాకు పని నేర్పిన మనిషి. బండి దొరికింది, ఆయన దొరకలేదు. అద్దం పగిలింది, తలుపు తెరిచి ఉంది. నడిచి వెళ్లుంటాడు. పొద్దున నుంచి వెతుకుతున్నాం."

పైనుంచి మబ్బు ఊళ్లోకి దిగిపోయింది. పదడుగుల అవతల ఏం కనిపించడం లేదు. వెతకడానికి వెళ్లినవాళ్లలో ఇద్దరు తామే దారి తప్పి, గంట తర్వాత చర్చి వెనక తేలారు. మబ్బు విడిచేదాకా ఆగుదాం అంటున్నారు పెద్దలు. విడిచేసరికి మనిషి గడ్డకట్టిపోతాడు అంటోంది హనాదీ. ఆ కేకలు అందుకే.

అబూ హనాదీ అందరి మాటలూ విన్నాడు. కొండ తనకి తెలియదు. మంచులో ఇదివరకు అడుగు పెట్టినవాడే కాదు. కానీ సముద్రం మీద మబ్బు దిగినప్పుడు ఏమీ కనిపించని ఆ తెల్లదనం తెలుసు.

"ఎలా వెతికారు?" అన్నాడు.

"రెండు మోటారు స్లెడ్జీలు, నా బండి, హారన్ కొట్టుకుంటూ."

"ఇంజన్లు నడుస్తుండగానా?"

"మరి?"

"ఆయన అరిస్తే మీకెలా వినిపిస్తుంది?"

అందరికంటే ముందు హనాదీకి అర్థమైంది. తండ్రి మొహంలోకి చూసింది. "మబ్బులో పడవ" అంది మెల్లిగా.

"ఎక్కు" అన్నాడు ఆయన.

ఇద్దరూ మంచుబండి ఎక్కారు. తెరేజ్ ఒక దుప్పటీ, వేడి రొట్టెలూ లోపలికి విసిరింది. షెడ్డులో ఉన్న తాళ్లన్నీ ఆయన కింద పడేసుకున్నాడు. ముందున్న ఇనప పలకతో మంచుని పక్కకి నెడుతూ, రోడ్డు పక్కన పాతిన కర్రల్ని గుర్తుపట్టుకుంటూ హనాదీ తోలుతోంది. ఏ మలుపులో ఏ గేరు వెయ్యాలో చేతికి తెలిసినట్టు వేస్తోంది. ఆయన ఓరకంట చూస్తూ కూర్చున్నాడు. భయం పోలేదు. అది పిల్ల మీంచి ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి మీదకి మళ్లింది, అంతే.

ఒరిగిన బండి దగ్గర ఆగారు. "ఆపేయ్" అన్నాడు. ఇంజను ఆగింది. ఆ నిశ్శబ్దం చెవుల్లో గింగురుమంది. గాలి కూడా పడిపోయి ఉంది.

మూడుసార్లు హారన్. తర్వాత ఆయన లోపలే రెండొందలు లెక్కపెట్టాడు. మళ్లీ మూడుసార్లు. మళ్లీ రెండొందలు. హనాదీ నిలబడలేక కాళ్లు కొట్టుకుంటోంది.

"బాబా, ఇలా కూర్చుంటే..."

"ఆయన్ని మనం వెతకడం లేదు. మనం ఎక్కడున్నామో ఆయనకి చెప్తున్నాం. ఊపిరి బిగపట్టు."

ఏడోసారి తర్వాత ఎక్కడో టంగుమంది. రాయితో ఇనుముని కొట్టినట్టు. ఒకటి. చాలాసేపటికి ఇంకొకటి.

హనాదీ ఆ వైపు దూకబోయింది. ఆయన చొక్కా పట్టి ఆపాడు. "ఏ వైపు?"

"అటు!"

"నాకు ఇటు వినిపించింది. తెల్లదనంలో చెవి అబద్ధం చెప్తుంది. నువ్వు పలక దగ్గరికి పో. నేను తోక దగ్గర ఉంటా. వినపడగానే చెయ్యి చాపి అలాగే నిలబడు."

చెప్పనక్కర్లేదు. పదేళ్ల వయసులో ఆ పిల్ల పడవ ముక్కున నిలబడి ఇదే పని చేసింది. హారన్ కొట్టి చెరో చివరకి పోయి చెరో చెయ్యీ చాపారు. టంగు. ఇద్దరి చేతులూ చూసుకున్నారు. ఆ రెండు గీతలూ కలిసే చోటు రోడ్డు కిందుగా, కుడివైపున ఉంది. ఇద్దరూ అనుకున్న దిక్కుల్లో ఏదీ కాదు.

"కింద ఆపిల్ తోటల మెట్లు" అంది హనాదీ. "నీళ్ల గొట్టం ఉంది అక్కడ. దాన్ని కొడుతున్నాడు!"

తాళ్లు ముడేసి ఒక కొస బండికి కట్టారు, ఇంకో కొస ఆయన నడుముకి. ఆయన నడుము నుంచి ఇంకో తాడు పిల్ల నడుముకి. హనాదీ ముందు, ఆయన వెనక. మొదటి అడుగుకే ఆయన తొడల దాకా దిగిపోయాడు. రబ్బరు బూట్లలోకి మంచు నిండింది. కాళ్లు తనవి కానట్టు అయిపోయాయి. పిల్ల వెనక్కి తిరిగి, "నా అడుగుల్లో వెయ్యి. పాదం అడ్డంగా పెట్టు. అలా కాదు, అడ్డంగా!" అని కసిరింది. ఆయన చెప్పినట్టు చేశాడు. రెండుసార్లు ఆగి విన్నారు. మూడోసారి ఆగితే చప్పుడు రాలేదు. హనాదీ "అబూ తనియోస్!" అని గొంతు చించుకుంది. జవాబు లేదు. తాడు కూడా అయిపోయింది.

తాడు విప్పెయ్యడానికి హనాదీ చెయ్యి నడుము మీదకి పోయింది. ఆ ఒక్క పని చెయ్యొద్దని చెప్పడానికి ఆయనకి హక్కుందా లేదా తెలియలేదు. ఆ చెయ్యి పట్టుకుని, "నా ముడి విప్పు, నీది ఉంచు. ఆ రెండు కొసలూ నేను పట్టుకుంటా. నా బారెడూ కలుస్తుంది నీకు" అన్నాడు. మంచులో బోర్లా పడుకుని, ఒక చేత్తో బండి తాడు కొస, ఇంకో చేత్తో పిల్ల నడుముకి ఉన్న తాడు పట్టుకున్నాడు. ఆమె చెయ్యి చాపితే రాతిగోడ తగిలింది. ఇంకాస్త చాపితే గుడ్డ.

గోడ చాటున, గొట్టం పక్కన, మనిషి ముడుచుకుని ఉన్నాడు. కాలు విరిగింది. మీసాలు తెల్లగా గడ్డకట్టాయి. చేతిలో రాయి ఇంకా ఉంది. హనాదీ చెంప మీద కొట్టింది. కళ్లు తెరిచాడు.

"ఆలస్యం చేశావే, బేరూత్" అన్నాడు, సగం వినపడేలా.

"నోరు మూసుకో" అంది, ఏడుస్తూ.

దుప్పట్లో చుట్టి, తాడు బిగించి, లాగారు. ఆ ఎక్కుడు ఎంతసేపు పట్టిందో అబూ హనాదీకి తర్వాత గుర్తులేదు. వల లాగే చేతులు కనక లాగాయి. గుండె మాత్రం ఇక చాలు అంటూనే ఉంది.

ఊరికి తెచ్చేసరికి మూడున్నర. స్లెడ్జీ మీద ఒకరు కబురు తీసుకెళ్లడంతో కింది నుంచి అంబులెన్సు బయల్దేరింది, కానీ ఊరికి రెండు మలుపుల కింద కొత్తగా పడిన మంచులో ఆగిపోయింది. హనాదీ టీ గుక్కెడు తాగి మళ్లీ బండి ఎక్కింది. ఆమె మంచు తోసుకుంటూ ముందు, అబూ తనియోస్‌ని పడుకోబెట్టుకుని తెరేజ్ జీపు వెనక. తండ్రి ఆమె పక్కన కూర్చుని బూట్లు విప్పిన కాళ్లని హీటరు దగ్గర పెట్టుకున్నాడు. ఎవరో ఇచ్చిన ఉన్ని మేజోళ్లు వేసుకున్నాడు. అంబులెన్సు దాకా, ఆపైన పోలీసుల మలుపు దాకా దారి తెరిచింది. అక్కడ గరబెద్ టాక్సీ ఇంకా అలాగే ఉంది. వేడి కోసం అతను కారు చుట్టూ తిరుగుతున్నాడు.

"చెప్పానా! వాడు గట్టిది అని!" అని అరిచాడు.

హనాదీ దిగలేదు. పైన ఇంకో గ్రామానికి దారి మూసుకుపోయి ఉంది. చీకటి పడేలోగా వెళ్లాలి.

"పొద్దున నుంచి ఏం తిన్నావు?" అన్నాడు ఆయన కింద నిలబడి.

"రొట్టె."

"శుక్రవారం రా ఇంటికి."

"శుక్రవారం మళ్లీ మంచు అంటున్నారు బాబా."

ఆయన తలెత్తి గాలి పీల్చాడు. అది పిల్ల గమనించింది. "గురువారం సాయంత్రానికే వస్తుంది" అన్నాడు అయిష్టంగా.

"అయితే గురువారం ఫోన్ చేస్తా" అని బండి వెనక్కి తిప్పింది.

అబూ తనియోస్ బతికాడు. రెండు కాలివేళ్లు పోయాయి. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ నజ్లా రోజు మార్చి రోజు చేపల పులుసు పంపింది.

మర్నాడు సముద్రం చల్లారింది. పడవలు కదిలాయి. అబూ హనాదీ కూడా వెళ్లాడు గానీ పని మీద మనసు నిలవలేదు. వల వేస్తూ తూర్పుకి చూసేవాడు. ఇదివరకు కొండలు గాలి దిక్కు చెప్పే గుర్తులు మాత్రమే. ఇప్పుడు అక్కడ ఏ మబ్బు కదిలినా చేతిలో వల ఆగుతోంది. బుధవారం రాత్రి సరిగా నిద్రపోలేదు. గురువారం పొద్దుటికే గాలి మారింది. మధ్యాహ్నానికి పడవలన్నీ కట్టేశారు. ఇదివరకైతే తుఫాను రోజున భోంచేసి, దుప్పటి కప్పుకుని హాయిగా పడుకునేవాడు. ఈసారి బాల్కనీలోకి వెళ్లాడు, లోపలికొచ్చాడు, ఫోన్ తీశాడు, పెట్టాడు, మళ్లీ బాల్కనీలోకి వెళ్లాడు.

వంటింట్లో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్న నజ్లా అయిదోసారికి తలెత్తింది.

"మళ్లీ చేశావా?"

"ఎత్తట్లేదు. రెండింటికే బయల్దేరింది. ఎప్పటికి దిగుతుందో చెప్పలేదు. చెప్తే నోరు అరుగుతుందా?"

నజ్లా ఆయన వంక చూసింది. కోపం లేదు ఆ చూపులో, చాలా ఏళ్ల అలసట ఉంది.

"ముప్ఫై ఏళ్లు నువ్వు సముద్రం మీదకి పోయావు. ఎప్పటికి వస్తావో ఒక్క పూట చెప్పావా నాకు?"

"అది వేరు."

"ఏం వేరు?"

ఆయన పళ్లెం వైపు చూశాడు. పసిపిల్లని చంకనేసుకుని, ఆ తర్వాత ఆ పిల్లని కూడా ఆయనతో పంపేసి, ఈ వంటింట్లో ఈమె ఎన్ని మధ్యాహ్నాలు కూర్చుందో ఒక్కసారీ అడగలేదు. అడగాలన్న ఊహే రాలేదు.

"నువ్వేం చేసేదానివి?" అన్నాడు చివరికి.

"ఏం చేస్తాను? ఇంట్లో ఉన్నవన్నీ ఒలిచేదాన్ని." చిక్కుడుకాయల పళ్లెం ఆయన వైపు జరిపింది. "కూర్చో. అటూ ఇటూ తిరిగితే నా తల తిరుగుతోంది."

కూర్చున్నాడు. కాయ మధ్యకి విరిచి, పీచు తియ్యకుండానే పళ్లెంలో వేస్తున్నాడు. నజ్లా వాటిని ఒక్కొక్కటే తీసి మళ్లీ పీచు లాగుతోంది. కిటికీ అద్దాల మీద వాన పెద్దదైంది. ఒకసారి ఫోన్ మోగితే ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. గరబెద్. "కూతురు దిగాడా?" అని అడిగాడు. ఇంకా లేదని చెప్పి, లైను ఖాళీగా ఉంచమని కసిరి పెట్టేశాడు.

అయిదుకి పది నిమిషాలుండగా మళ్లీ మోగింది.

"బాబా, దిగాను" అంది హనాదీ. వెనక ఇంజను చప్పుడు. "తెరేజ్ కొట్టు దగ్గరున్నా. రాత్రి పదింటికి మళ్లీ వెళ్లాలి."

"పదింటికా?" లేచి నిలబడిపోయాడు. "మళ్లీ ఎప్పుడు దిగుతావు?"

"తెలీదు. తెల్లారేసరికి అనుకో."

ఏదో అనబోతుంటే నజ్లా చెయ్యి చాపి ఫోన్ లాక్కుంది. "తిను ముందు" అంది కూతురితో. "మేజోళ్లు పొడిగా ఉన్నాయా?"

ఆయన బాల్కనీ తలుపు దాకా వెళ్లి, ఆగి, తిరిగొచ్చి పళ్లెం ముందు కూర్చున్నాడు. ఇంకా సగం కాయలున్నాయి.